ఎడమ చెవి ఎవరిది?

ముప్పై ఆరేళ్లు గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర ఒకే దుకాణంలో పనిచేశాను. మొదట రేడియోలు, తర్వాత టేప్‌రికార్డర్లు బాగుచేశాను. అవి రెండూ జనం ఇళ్లలోంచి మాయమయ్యాక దుకాణం యజమాని సేఠ్ నన్ను వెనక బల్ల దగ్గరి నుంచి లేపి ముందు కౌంటర్‌లో నిలబెట్టాడు. అప్పటి నుంచి రిటైరయ్యే దాకా ఇయర్‌ఫోన్లు అమ్మాను. మొదట తీగవి, చివరి ఏళ్లలో తీగ లేనివి.

ఇప్పుడు ఆ కౌంటర్‌లోకి ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. ఇద్దరూ మన కామాఠీపురా చాళ్లలో, అంటే వరసగా ఒక్కో గది ఉండే ఇళ్లలో, పుట్టినవాళ్లే, తెలుగు ఇంట్లో వింటారు, మరాఠీలో జవాబిస్తారు. "కాకా, నీకు తెలిసింది రాసియ్యి, మేం చదివించుకుంటం" అన్నారు. రాద్దామని కూర్చుంటే తెలిసిందానికంటే తెలియనిదే ఎక్కువ కనిపిస్తోంది. ఒక్కోసారి ఇన్నేళ్లూ నేను చేసిన పని ఏమిటో నాకే అంతుపట్టదు. శబ్దం అమ్మానా, రబ్బరు అమ్మానా? జీతం ఎప్పుడు పెరిగిందో, బిల్లు ఎలా కొట్టాలో ఇక్కడ రాయను. అవి సేఠ్ చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు. నన్ను తికమక పెట్టిన సంగతులే రాస్తాను.

ఉస్తాద్ అడిగే ప్రశ్నలు

నాకు పని నేర్పింది కాదర్ ఉస్తాద్. ఎవరైనా రేడియో తెస్తే ఆయన వెంటనే స్క్రూ విప్పేవాడు కాడు. "ఇంట్లో ఎక్కడ పెడతారు? కింద పెడతారా, అల్మారా మీదా? పక్కన ఎవరు కూర్చుంటారు?" అని అడిగేవాడు. వచ్చినవాడు విసుక్కునేవాడు, నేనూ విసుక్కునేవాణ్ణి. రేడియోలో కాయిల్ పోతే కాయిల్ మార్చాలి గాని, అది అల్మారా మీద ఉంటే ఏమిటి, ముసలమ్మ పక్కన ఉంటే ఏమిటి?

ఒకసారి ఆయన లేనప్పుడు నేనే ఒక రేడియో బాగుచేసి ఇచ్చాను. చెవికి ఎంత బాగుందంటే, నా అంతటివాడు లేడనుకున్నాను. రెండో రోజే తిరిగొచ్చింది. "మా నానమ్మకు ఒక్క ముక్క వినిపిస్తలేదు" అన్నారు. నేను గరగర తగ్గించడానికి పై స్వరాలన్నీ కోసేశాను. నా పడుచు చెవికి అది తీయగా ఉంది. ఆ నానమ్మకు మాట మాటలా వినపడాలంటే ఆ పై స్వరాలే కావాలి. ఉస్తాద్ నన్ను తిట్టలేదు. "నీ చెవితో ఆమెకు వినిపిస్తానంటే ఎలా?" అన్నాడంతే.

అప్పుడు అర్థమైందనుకున్నాను. అర్థం కాలేదని ఇంకో ముప్పై ఏళ్లకు తెలిసింది.

రబ్బరు ముక్క

తీగ లేని ఇయర్‌ఫోన్ల గురించి నిక్కచ్చిగా తెలిసిన నాలుగు ముక్కలు ముందు చెప్పేస్తాను, తర్వాత గందరగోళంలోకి వెళదాం.

"కాకా, దీంట్ల బేస్ లేదు" అని తిరిగొచ్చే వాళ్లలో చాలామంది ఇయర్‌ఫోన్‌లో లోపం ఉండదు, చివర ఉన్న రబ్బరులో ఉంటుంది. డబ్బాలో చిన్న, మధ్య, పెద్ద అని మూడు జతల రబ్బర్లు ఇస్తారు. మధ్యది ముందే తొడిగి ఉంటుంది కాబట్టి మిగతా పొట్లం ఎవరూ విప్పరు. చెవికి, రబ్బరుకు మధ్య వెంట్రుకంత సందున్నా మొదట పోయేది డప్పు మోత, అదే బేస్. తర్వాత మాట పలచబడుతుంది. అప్పుడు మనిషి వాల్యూమ్ పెంచుతాడు, చెవులు పాడుచేసుకుంటాడు. బయటి చప్పుడు ఆపుతుందని ఎక్కువ డబ్బు పోసి కొన్నది కూడా ఆ సందు ఉన్నంతసేపు దండగే.

పెట్టుకునే తీరు కూడా ఉంది. అవతలి వైపు చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని కొంచెం పైకీ వెనక్కీ లాగి, రెండో చేత్తో లోపల పెట్టి, కాస్త తిప్పి వదలాలి. తర్వాత పాట పెట్టకుండా నోరు మూసుకుని "మ్" అనాలి. ఆ "మ్" తలకాయ లోపల మోగితే సరిగ్గా కూర్చున్నట్టు. ఒక వైపే మోగితే రెండో వైపు సందు ఉన్నట్టు. ఏదైనా నమిలి చూడాలి, ఆవలించి చూడాలి. జారితే సైజు తప్పు. అరగంటకు నొప్పి పుడితే పెద్దదైంది. కుడి చెవికి మధ్యది, ఎడమకు చిన్నది సరిపోతే అందులో సిగ్గేమీ లేదు. దేవుడు రెండు చెవులూ ఒకే అచ్చులో పోసినట్టు నాకెప్పుడూ కనబడలేదు.

లోపలి జాలీ, అంటే సన్నని వల, గుమిలితో మూసుకుపోతే ఇయర్‌ఫోన్‌ను కిందికి తిప్పి పట్టుకుని పొడి బ్రష్షుతో దులపండి. పిన్నుతో పొడవకండి, నోటితో ఊదకండి. ఊదితే లోపలికి పోయేది తడి.

ఇవన్నీ కౌంటర్ మీద చూపిస్తే సేఠ్‌కు గిట్టేది కాదు. "అరే భాయ్, సీల్ తోడేగా తో కౌన్ లేగా?" అని మొత్తుకునేవాడు. సీలు విప్పిన డబ్బా ఎవరు కొంటారని ఆయన బాధ, అదీ నిజమే. అందుకని అన్ని సైజుల రబ్బర్లు నేనే ఒక గొంతుమాత్రల డబ్బీలో వేసుకుని జేబులో పెట్టుకునేవాణ్ణి. ఒక్కొక్కరికి చూపించాక స్పిరిట్‌తో తుడిచేవాణ్ణి. ఆ డబ్బీ వల్ల నాకు పేరొచ్చింది. పేరొచ్చాక మనిషికి చెవులు కొంచెం మూసుకుపోతాయని ఇప్పుడనిపిస్తుంది.

తీగ ఉన్న రోజుల్లో మా చాళ్లలో ఒక పద్ధతి ఉండేది. పది బై పది ఖోలీ, అంటే ఒకే గది, మధ్యలో చెక్క గోడ, అవతల ఇంకో సంసారం. ఫోన్ స్పీకర్‌లో పెడితే గల్లీ అంతా మన కథ వింటుంది. అందుకని ఇయర్‌ఫోన్ ఒకటి, మనుషులు ఇద్దరు. ఒకరి చెవిలో కుడిది, ఇంకొకరి చెవిలో ఎడమది. ఒకే గుంజకు కట్టిన రెండు దూడల్లా తలలు దగ్గర పెట్టుకుని కూర్చునేవాళ్లు. మాట్లాడే మైకు తీగ మీద మధ్యలో వేలాడేది కాబట్టి ఇద్దరి మాటా అటు పోయేది. నేనూ, నా భార్య యాదమ్మా ఇప్పటికీ సీరియల్ అలాగే వింటాం. నాది కుడిది, ఆమెది ఎడమది. వింటున్నంతసేపూ చెవి మీద వేలు పెట్టుకుని కూర్చోవడం యాదమ్మకు అలవాటు.

ఇంత తెలిసిన మనిషిని నేను. అయినా చూడండి ఏం చేశానో.

నర్సింలు

నేను రిటైరవ్వడానికి కొన్ని నెలల ముందు ఒక ఆదివారం, మా భాషలో ఐతారం, నర్సింలు వచ్చాడు. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ, పరేల్ వైపు ఏదో పెద్ద బిల్డింగ్‌కు ప్లాస్టరింగ్ చేస్తున్నాడు. భార్యతో కలిసి మా పక్క గల్లీలోనే, ఇంకో రెండు కుటుంబాలుండే ఖోలీలో సర్దుకుంటున్నాడు. కొత్త ఫోన్ కొన్నాడు, దానికి తీగ గుచ్చే రంధ్రం లేదు.

"తీగ లేనిది ఇయ్యి కాకా. బిడ్డ హాస్టల్ల సదువుతుంది. ఐతారం నాలుగు గొట్టంగ వార్డెన్ మేడం ఫోన్‌లకెల్లి పది నిమిషాలు మాట్లాడనిస్తరు. గా పది నిమిషాలు మంచిగ ఇనొస్తే చాలు."

భార్య బాలమణి లోపలికి రాలేదు. మా దుకాణం ఇరుకు, పైగా ఆమె చెప్పులకు సిమెంటు అంటి ఉంది. మెట్ల కింద నిలబడింది. నేను ఒక మాదిరి ధరలో మంచి జత తీశాను. నర్సింలు రెండు చెవుల్లో పెట్టి, తిప్పి, "మ్ అను" అన్నాను. అన్నాడు. అప్పుడు నాకెంతో ఇష్టమైన అమ్మకం మాట చెప్పాను.

"దీని గొప్ప ఏందంటే తమ్మీ, రోడ్డు మీద నిలబడి మాట్లాడినా పక్క చప్పుడు అటు పోదు. చెవిల పెట్టుకున్నోని మాట ఒక్కటే పోతది. మిగతాదంత కోసేస్తది."

"గదే కావాలె కాకా" అని సంతోషంగా తీసుకుపోయాడు.

మళ్లీ వచ్చాడు

మర్నాడు కాదు, పై ఐతారం వచ్చాడు. "కాకా, ఎడమది సరిగ పనిచేస్తలేదు."

ఎడమది తీసుకుని అతని ఎడమ చెవిలో పెట్టాను. నమలమంటే కొంచెం జారింది. ఓహో ఇదేనన్నమాట అనుకుని మధ్య రబ్బరు తీసి పెద్దది తొడిగాను. "మ్" అన్నాడు. "ఇనొస్తుందా?" "ఇనొస్తుంది కాకా." సంగతి తేలిపోయిందనుకున్నాను.

ఇంకో ఐతారం వచ్చాడు. "ఎడమదే కాకా. ఇక్కడ మంచిగనే ఉంటది, ఆడికి పోతే ఏమైతుందో సమజ్ అయితలేదు." జాలీ చూశాను, శుభ్రంగా ఉంది. ఫోన్‌లో కుడి ఎడమల శబ్దం సమంగా ఉందో లేదో చూశాను, ఉంది. రెండిటినీ ఫోన్ నుంచి తెంపి మళ్లీ కలిపాను. నా ఫోన్ నుంచి కాల్ చేసి, ఎడమది ఒక్కటే పెట్టి మాట్లాడించాను. గంట కొట్టినట్టుంది. ఏ లోపమూ కనబడకపోతే మెకానిక్‌కు పుట్టే చిరాకు ఒకటి ఉంటుంది. ఆ చిరాకుతోనే సేఠ్‌తో పోట్లాడి, జతకు జత మార్చి ఇప్పించాను. కొత్త జతకు కూడా ఎడమవైపు పెద్ద రబ్బరు నా చేత్తోనే తొడిగాను.

మూడో ఐతారం మళ్లీ అతనే. ముఖం వాడిపోయి ఉంది. ఏదో చెప్పబోయాడు. "కాకా, మా బిడ్డ..." అన్నాడు. దుకాణం నిండా జనం, సేఠ్ నన్నే చూస్తున్నాడు. నాకు రోషం వచ్చింది. నా డబ్బీ, నా పేరు, నా ముప్పై ఆరేళ్లు అన్నీ ఆ ఎడమ ముక్క దగ్గర పరువు పోగొట్టుకుంటున్నట్టనిపించింది.

"లోపం దీంట్ల లేదు నర్సింలూ, నీ చెవిల ఉన్నది. పో, ఆస్పత్రిల చూపిచ్చుకో ఫస్టు" అన్నాను, నలుగురికీ వినపడేలాగే.

నర్సింలు ఇయర్‌ఫోన్లు తిరిగి తీసుకున్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు. కింద బాలమణి ఏదో అడిగింది, అతను తల అడ్డంగా ఊపాడు. ఆ మనిషిని నేను అప్పటికి మూడు వారాలుగా మెట్ల కింద చూస్తున్నాను. ఒక్కసారీ ఎందుకొచ్చింది అనుకోలేదు. నా వృత్తి జీవితంలో నేను సిగ్గుపడే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఆ రోజు అన్నది మొదటిది.

ఛాయ్ గ్లాసు చేతిలో

నాలుగో ఐతారం మధ్యాహ్నం మూడు దాటాక వచ్చాడు. జేబులోంచి మడత పెట్టిన ఆస్పత్రి చీటీ తీసి కౌంటర్ మీద పెట్టాడు. "రెండు చెవులు మంచిగనే ఉన్నయంట కాకా" అన్నాడు. కోపంగా అనలేదు, నన్ను సంతోషపెట్టే కబురు తెచ్చినట్టు అన్నాడు. నేను తిట్టిన మాటకు ఒక రోజు పని మానుకుని వరసలో నిలబడి వచ్చాడు. "జరసేపు ఉండు, ఛాయ్ తాగొస్త" అని తప్పించుకుని రోడ్డు దాటాను.

ఛాయ్ బండి దగ్గరి నుంచి చూస్తే వాళ్లిద్దరూ మూసి ఉన్న పక్క దుకాణం అరుగు మీద కూర్చున్నారు. నర్సింలు ఇయర్‌ఫోన్ల డబ్బీ తెరిచాడు. ఒకటి తీసి తన కుడి చెవిలో పెట్టుకున్నాడు. రెండోది తీసి, బాలమణి ముఖం ఇటు తిప్పి, ఆమె ఎడమ చెవిలో తనే పెట్టాడు. ఆమె వెంటనే దాన్ని వేలితో నొక్కి పట్టుకుంది.

ఛాయ్ గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది. అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ తర్వాత కూడా పూర్తిగా అర్థం కాలేదు. గ్లాసు బండి మీద పెట్టి పరుగెత్తాను.

"నర్సింలూ, ఎడమది ఎవరిది?"

"బాలమణిది" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి.

"నాకు చెప్పలే మరి!"

"నువ్వు అడగలే కద కాకా. నా చెవిల పెట్టి ఇనొస్తుందా అన్నవ్. ఇనొస్తుంది అన్న."

మా చాళ్ల పద్ధతే. నా ఇంట్లో ఉన్న పద్ధతే. కౌంటర్ వెనక నిలబడితే రెండు ముక్కలూ ఒక్క మనిషివే అని నాకెందుకు అనిపించిందో ఇప్పటికీ చెప్పలేను. అతని చెవికి సరిపడా పెద్ద రబ్బరు తొడిగి, ఆమె సన్నని చెవిలో అసలు నిలవకుండా చేశాను. నేను బాగుచేసిన కొద్దీ ఆమెకు చెడిపోయింది.

అప్పుడు మొదటిసారి బాలమణి నాతో మాట్లాడింది.

"సన్నగ ఇనొచ్చుడు సరే కాకా, వేలు పెట్టుకోని ఇంటున్న. గది గాదు బాధ. నేను మాట్లాడ్త, మా శ్రీలత నాకు జవాబియ్యది. 'అమ్మ ఏది నాయినా' అని ఈయననే అడుగుతది. 'ఇక్కన్నే ఉంది, మాట్లాడ్తనే ఉంది' అని ఈయన అంటడు. 'అబద్ధం' అంటది."

"హాస్టల్ల మొదటి ఏడు కద కాకా" అన్నాడు నర్సింలు. "తీగది ఉన్నప్పుడు ఒక ఐతారం ఏడ్చింది, ఇంటికొస్త అని. ఈమె కోపం చేసింది."

"ఏడ్చుకుంట ఫోన్ చెయ్యకు, బుద్ధిగ సదువుకో అన్న" అంది బాలమణి. "దానికి ఇనొచ్చిన నా ఆఖరి మాట గదే. గా రోజు నుంచి అమ్మ మాట్లాడ్తలేదు, కోపం పట్టింది అనుకుంటుంది. పోయిన ఐతారం ఫోన్ కాడికే రాలే. తింటలేదంట గూడ."

"ఇయ్యాల గూడ రాకపోతే రేపు బండెక్కి పోయి తోల్కొస్త. ఇంక సదువు బంద్" అన్నాడు నర్సింలు. టైము మూడున్నర దాటింది.

పది అడుగుల దూరం

నేను పది అడుగులు వెనక్కి వెళ్లి నా ఫోన్ నుంచి నర్సింలుకు కాల్ చేశాను. "ఒక్కొక్కలు మాట్లాడుండ్రి" అన్నాను. నర్సింలు "హలో కాకా" అన్నాడు. ఎదురుగా నిలబడి అన్నంత స్పష్టంగా వినిపించింది. బాలమణిని మాట్లాడమని సైగ చేశాను. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఫోన్‌లో ఏమీ లేదు. ఒక్క మాట కాదు, సణుగుడు కూడా కాదు. నేను ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను. ఆమె చేయి ఊపుతూ మాట్లాడుతూనే ఉంది, ఫోన్‌లో మాత్రం ఆమె అసలు అక్కడ లేనట్టే ఉంది.

అప్పుడు నా అమ్మకం మాట నాకే గుర్తొచ్చింది. చెవిలో పెట్టుకున్నవాడి మాట ఒక్కటే పోతుంది, మిగతాదంతా కోసేస్తుంది. రెండు ముక్కల్లోనూ మైకు ఉంటుంది గాని, ఈ రకంలో కాల్ వచ్చినప్పుడు ఒక్కటే పనిచేస్తుంది. ఇయర్‌ఫోన్ల డబ్బీలోంచి ముందు ఏది తీస్తే దానిది. నర్సింలు ప్రతిసారీ ముందు తనది తీసుకుని తర్వాత భార్యది తీసేవాడు. అతని పక్కన వచ్చే ప్రతి శబ్దమూ ఆ మైకు లెక్కలో రోడ్డు చప్పుడే. బస్సు హారన్‌తో పాటు ఆ తల్లి గొంతును కూడా నాలుగు వారాలు శుభ్రంగా కోసి పారేసింది. అది చెడిపోలేదు. నేను గొప్పగా చెప్పిన పని గొప్పగానే చేసింది.

అరుగు మీదే కూర్చుని గొంతుమాత్రల డబ్బీ తీశాను. బాలమణి ఎడమ చెవికి అన్నిటికంటే చిన్న రబ్బరు తొడిగి, చెవి పైకి లాగి పెట్టాను. "మ్ అను బిడ్డా."

"మ్."

"ఏడ ఇనొస్తుంది?"

"తలకాయ లోపట."

"ఇగ వేలు తియ్యి." ఆమె భయం భయంగా వేలు తీసింది. పడలేదు.

తర్వాత రెండు ఇయర్‌ఫోన్లూ వాటి డబ్బీలో పెట్టించి చెప్పాను. "ముందు బాలమణిది తియ్యాలె, తర్వాత నీది. అప్పుడు ఆమె మాటే అటు పోతది. నువ్వు ఇనుడే, నీ మాట పోదు."

"నేను అసలే మాట్లాడరాదా?" అన్నాడు నర్సింలు.

"రాదు."

భార్య వంక చూశాడు. "సరే, నాలుగు వారాలు నేనే మాట్లాడిన కద. ఇయ్యాల ఇనుకుంట ఉంట."

నాలుగు గంటలు

సేఠ్ రెండుసార్లు కేకేశాడు. నేను కదల్లేదు. నాలుగు కొట్టగానే నర్సింలు నంబర్ నొక్కాడు.

"మేడం, నేను శ్రీలత వాళ్ల అమ్మను. ఒక్కపారి పిలువుండ్రి మేడం. అమ్మ మాట్లాడ్తుందని చెప్పుండ్రి" అంది బాలమణి.

మేడం పిలవడానికి వెళ్లినట్టుంది. ఉన్నవి పది నిమిషాలు, అవి కరిగిపోతున్నాయి. అవతల ఎవరూ లేరని తెలుస్తున్నా బాలమణి "శ్రీలతా... శ్రీలతా..." అంటూనే ఉంది, ఆపితే తన గొంతు మళ్లీ పోతుందేమో అన్నట్టు. నర్సింలు ఫోన్ వంకే చూస్తున్నాడు. జీవితమంతా శబ్దం వినడమే నా పని. ఆ పూట నాకు అవతలి శబ్దం ఒక్కటీ వినిపించలేదు. వాళ్లిద్దరి ముఖాలు చూసుకుంటూ నిలబడ్డాను.

ఉన్నట్టుండి బాలమణి నోరు ఆగిపోయింది. చేయి వెళ్లి నర్సింలు మోకాలు పట్టుకుంది. అలవాటు కొద్దీ అతను నోరు తెరవబోయాడు, ఆమె అరచేత్తో అతని నోరు మూసేసింది.

"నేనే బిడ్డా. అమ్మను. ఇనొస్తుందా?" అంది. కాసేపు విన్నది. "కోపం గాలె బిడ్డా. ప్రతి ఐతారం మాట్లాడిన నీతోని. నీకు ఇనరాలే గంతే." మళ్లీ విన్నది. ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "ఏడువు. పర్వాలే. ఏడ్చుకుంటనే మాట్లాడు. నేను ఇంటున్న."

మిగిలిన నిమిషాలు ఎక్కువగా ఆ పిల్లే మాట్లాడినట్టుంది. నర్సింలు నోటి మీది చేయి బాలమణి తీయలేదు, అతనూ తీయమనలేదు. నాకు ఏడుపొచ్చింది. రోడ్డు మీద నిలబడి ఏడ్చాను, దాచడం ఎందుకు.

ఫోన్ ఆగాక నర్సింలు చెప్పాడు. "నీ గొంతు ఇన్ని వారాలు ఎటు పోయిందమ్మా అని అడిగింది కాకా." ఎటు పోయిందో నాకు తెలుసు. ఆ పిల్లకు చెప్పే ధైర్యం నాకు లేదు. నర్సింలు బండెక్కలేదు. శ్రీలత హాస్టల్లోనే చదువుకుంటోంది, అన్నం తింటోందట. ఐతారం ఐతారం డబ్బీలోంచి ముందు బాలమణిదే తీస్తున్నారు. ఒక్కో వారం మాత్రం, నర్సింలు కూడా మాట్లాడాలని, సగంలో మార్చుకుంటారట.

ఇంటికొచ్చాక

ఇందులో మీరు నేర్చుకోవలసింది ఏమిటని అడిగితే నాకు స్పష్టంగా తెలియదు. ఎవరు వింటారో అడగండి అనాలి. కానీ అది ఉస్తాద్ నాకు ముప్పై ఏళ్ల కిందే చెప్పాడు. తెలిసీ చేశాను. తెలిసిన సంగతి అవసరమైన పూట ఎక్కడికి పోతుందో, అది నాకు అంతుచిక్కదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి యాదమ్మ సీరియల్ కోసం ఫోన్ సర్దిపెట్టి కూర్చుంది. మేకుకు వేలాడుతున్న తీగ ఇయర్‌ఫోన్ తీసి కుడిది నాకిచ్చి, ఎడమది తన చెవిలో పెట్టుకుంది. వేలు పెట్టి నొక్కుకుంది.

నేను ఆ వేలునే చూస్తూ కూర్చున్నాను.

"వేలెందుకు పెట్టుకుంటవ్ నువ్వు?"

"పెట్టకుంటే పడిపోతది."

"ఎప్పటి సంది?"

"నువ్వు తెచ్చిన కాన్నుంచి."

"నాకు చెప్పలేవేంది మరి?"

యాదమ్మ సీరియల్ మీంచి కళ్లు తిప్పలేదు. "దినమంత అందరి చెవులు చూసి చూసి వస్తవ్. ఇంటికొచ్చినంక గూడ గదే పని ఎందుకని ఊకున్న."

జేబులోంచి గొంతుమాత్రల డబ్బీ తీశాను. మూత తీసి అన్నిటికంటే చిన్న రబ్బరు వెతికాను.

"సీరియల్ ఆపు" అన్నాను. "ఇటు తిరుగు, నీ చెవి చూడనియ్యి."